టెన్నిస్ సెట్ మీద ట్రేడింగ్: నూటికి 61 గెలుస్తున్నా డబ్బులెందుకు పోతున్నాయి?

ప్రశ్న: అన్నా, నేను డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటా, ఐటీ జాబ్. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల నుంచి టెన్నిస్ పిచ్చి. ఇక్కడ టెక్సాస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్ లీగల్ కాదు కదా, అందుకని కల్షీలో టెన్నిస్ మార్కెట్లు మొదలెట్టా. మ్యాచ్ మొత్తం మీద కాదు, సెట్ విన్నర్ మీదే, లైవ్‌లో. 3,000 డాలర్లు వేసా, ఇప్పుడు 1,740 ఉన్నాయి. ఎక్సెల్‌లో రాసుకున్నా, మొత్తం 212 ట్రేడ్లు, అందులో 61 శాతం లాభంలోనే క్లోజ్ చేసా. గెలిచినప్పుడు సగటున 9 సెంట్లు, పోయినప్పుడు 21 సెంట్లు, ఫీజులు పోగా. ఒక్కో ట్రేడ్‌కి 220 కాంట్రాక్ట్‌లు. ఆట నాకు బాగానే అర్థమవుతుంది, మరి ఎక్కడ తప్పు చేస్తున్నా? ఇంకోటి, విజయవాడలో ఉన్న మా బావమరిది తనూ చేస్తానంటున్నాడు, నా అకౌంట్ వాడుకోనివ్వనా?

జవాబు: తమ్ముడూ, నువ్వు లెక్క రాసిపెట్టుకున్నావు చూడు, అక్కడే సగం పని అయిపోయింది, నాకు ఉత్తరాలు రాసేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది "కొంచెం పోయింది అన్నా" అంటారు, ఎంత అంటే తెలీదు. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట: కల్షీ అంటే ఏదైనా జరుగుతుందా లేదా అన్నదాని మీద కాంట్రాక్ట్‌లు కొని అమ్ముకునే అమెరికా మార్కెట్, అనుకున్నది జరిగితే కాంట్రాక్ట్‌కి డాలర్, లేకపోతే సున్నా, కాబట్టి ధర 60 సెంట్లు అంటే మార్కెట్ దృష్టిలో 60 శాతం అవకాశం. ఇప్పుడు నీ అంకెల్నే 100 ట్రేడ్లకి వేసి చూద్దాం. 61 సార్లు 9 సెంట్లు అంటే 549 వచ్చింది, 39 సార్లు 21 అంటే 819 పోయింది, 270 సెంట్లు లోటు, అంటే ట్రేడ్‌కి కాంట్రాక్ట్‌కి 2.7 సెంట్లు. దాన్ని 212 ట్రేడ్లు, 220 కాంట్రాక్ట్‌లతో హెచ్చవేస్తే 1,259 డాలర్లు. నీ అకౌంట్లో తగ్గింది 1,260. అణాపైసలతో సరిపోయింది. కాబట్టి దురదృష్టం అనీ అంపైర్ అనీ వేరే ఎవర్నీ తిట్టుకోనక్కర్లేదు, 9 కి 21 పెడుతున్నప్పుడు నువ్వు అసలు నష్టం లేకుండా బయటపడాలన్నా నూటికి 70 గెలవాలి, నువ్వు గెలుస్తున్నది 61.

ఇప్పుడు నీకు 9, 21 అనే ఈ ఆకారం ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్తా, ఇది నీ ఒక్కడి జబ్బు కాదు, సెట్ మార్కెట్ తయారీలోనే ఉంది. ఇద్దరు సమానమైన మగ ప్లేయర్లని తీసుకో, ఇద్దరూ తమ సర్వీస్‌ని నూటికి 80 సార్లు నిలబెట్టుకుంటారనుకో, అంటే తాము సర్వ్ చేసిన గేమ్ గెలుస్తారనుకో (దీన్నే హోల్డ్ అంటారు, అవతలివాడు ఆ గేమ్ లాక్కుంటే బ్రేక్). సెట్ గెలవాలంటే కనీసం ఆరు గేమ్‌లు, రెండు గేమ్‌ల తేడాతో కావాలి, 6-6 అయితే మామూలుగా టైబ్రేక్ అనే ఒక్క గేమ్ తేలుస్తుంది. స్కోర్ 4-4, సెట్ ధర సరిగ్గా 50 సెంట్లు. సర్వ్ చేసేవాడు గేమ్ గెలిస్తే 5-4 అవుతుంది, అతని ధర 60 కి వెళ్తుంది. బ్రేక్ అయితే అవతలివాడు 5-4 మీద సెట్ కోసం సర్వ్ చేస్తాడు, అప్పుడు మనవాడి ధర 50 నుంచి ఏకంగా 10 కి పడుతుంది. అంటే నువ్వు 4-4 దగ్గర సర్వర్‌ని కొంటే నూటికి 80 సార్లు 10 సెంట్లు వస్తాయి, 20 సార్లు 40 సెంట్లు పోతాయి. ఎనిమిది పదులు 80, రెండు నలభైలు 80. సున్నా! కానీ ఆడేవాడికి ఎలా ఉంటుందంటే, అబ్బ, పదిలో ఎనిమిది కొడుతున్నా, నాకు ఆట తెలుసు అనిపిస్తుంది. సర్వర్‌ని కొని హోల్డ్ అవగానే అమ్మేసేవాడికి గెలుపు శాతం ఎప్పుడూ అందంగానే ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు.

ఈ సున్నా మీద ఇప్పుడు ఫీజు వెయ్యి. కల్షీ మామూలు ఫీజు సూత్రం తెలిసే ఉంటుంది, ధరని డాలర్లలో తీసుకుని, దాన్ని ఒకటిలోంచి తీసేస్తే మిగిలినదానితో గుణించి, మళ్ళీ 0.07 తో గుణించాలి. 50 సెంట్ల దగ్గర అది కాంట్రాక్ట్‌కి 1.75 సెంట్లు, 60 దగ్గర 1.68. కొని అమ్మితే దగ్గర దగ్గర మూడున్నర. నీ 10 సెంట్ల లాభం ఆరున్నర అయిపోయింది, 40 నష్టం 42 దాటింది, సగటు తీస్తే ట్రేడ్‌కి మూడు సెంట్లు ఎగిరిపోయాయి, ఇంకా బిడ్‌కీ (కొనేవాడు ఇస్తానన్న ధర) ఆస్క్‌కీ (అమ్మేవాడు అడిగే ధర) మధ్య తేడా వెయ్యనే లేదు. నీ ఎక్సెల్‌లో 2.7 ఉంది కదా, మరి నువ్వు నిజంగానే కొంచెం తెలివిగానే ఆడుతున్నావేమో, ఆ తెలివి మొత్తం ఫీజుకే సరిపోయింది. ఈ ఫీజు 50 దగ్గర ఎక్కువ, అంచుల్లో తక్కువ, అలాగే కాంట్రాక్ట్‌ని చివరిదాకా ఉంచుకుంటే అమ్మేటప్పటి ఫీజు పడదు. అందుకే "కొంచెం లాభం రాగానే తీసేసుకోవడం" అనే స్టాక్ మార్కెట్ అలవాటు ఇక్కడ నీ మెడకే చుట్టుకుంటుంది.

ఆడవాళ్ళ మ్యాచ్‌లకి వేరే లెక్క, దీన్ని చాలామంది పట్టించుకోరు. అక్కడ బ్రేకులు ఎక్కువ. సర్వీస్ నిలబెట్టుకోవడం 65 శాతం అనుకుంటే 5-4 మీద సెట్ కోసం సర్వ్ చేస్తున్న అమ్మాయి ధర ఎనభై రెండున్నర దగ్గర ఉండాలి, 80 శాతం హోల్డ్ చేసే మగాళ్ళలో అదే స్కోర్‌కి 90. మగాళ్ళ మ్యాచ్‌లు చూసి చూసి బ్రేక్ రాగానే 90 కి కొనేవాడు అక్కడ ఏడెనిమిది సెంట్లు ఉత్తపుణ్యానికి ఇస్తున్నాడన్నమాట.

ఇక లైవ్ సంగతి. నువ్వు గోదావరి జిల్లాల వైపు సంక్రాంతికి వెళ్ళావో లేదో, కోడిపందేల బరి దగ్గర అసలు పందెం ఒకటైతే చుట్టూ పైపందేలు వంద నడుస్తుంటాయి. బరి తాడు పట్టుకుని నిలబడ్డవాడికి ఏ కోడికి కత్తి దిగిందో ముందు కనిపిస్తుంది, వెనక మూడో వరసలో ఉన్నవాడు అరుపులు విని కాస్తాడు. ఫ్రిస్కోలో సోఫా మీద కూర్చుని స్ట్రీమింగ్ చూస్తూ సెట్ కొనేవాడు మూడో వరసలో కూడా లేడు తమ్ముడూ, పార్కింగ్ దగ్గరున్నాడు. చైర్ అంపైర్ తన ట్యాబ్లెట్ మీద పాయింట్ నొక్కగానే అది డేటా కంపెనీలకి వెళ్తుంది, దానికి డబ్బు కట్టినవాళ్ళ ప్రోగ్రాములు ఆ క్షణంలోనే ధర మార్చేస్తాయి, నీ యాప్‌లో బొమ్మ దానికన్నా చాలా సెకన్లు వెనక ఉంటుంది. ఆ సెకన్ల విలువ ఎంతంటే, 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఒక డేటా కంపెనీ మనిషి గ్యాలరీలో కూర్చుని పాయింట్ పాయింట్‌కీ బయటికి సిగ్నల్ పంపుతున్నాడని పోలీసులు అరెస్ట్ కూడా చేశారు, తర్వాత కేసు నిలబడలేదనుకో, అది వేరే కథ.

నాకూ ఒక దెబ్బ తగిలింది, చెప్తా. యుఎస్ ఓపెన్ నైట్ మ్యాచ్, నేను ఫేవరెట్‌ని లైవ్‌లో కొందామని లిమిట్ ఆర్డర్ (ఈ ధరకైతేనే కొంటా అనే ఆర్డర్) పెట్టుకుని కూర్చున్నా, చాలాసేపు నిండలేదు, ఒక్కసారి మొత్తం 300 కాంట్రాక్ట్‌లూ టక్కున నిండాయి. భలే దొరికిందిరా అనుకుని టీ తాగుతూ టీవీ వైపు చూస్తే, నా స్క్రీన్ మీద ఇంకా నా ప్లేయర్ సర్వీస్, 30-40, ఇంకొక్క పాయింట్ పోతే గేమ్ పోయినట్టే. రెండు బంతులు కాగానే డబుల్ ఫాల్ట్, బ్రేక్. నాకు అమ్మినవాడికి అది అప్పటికే తెలుసు. అప్పట్నుంచి నాకు ఒకటే కొలత, లైవ్‌లో నా ఆర్డర్ ఎంత తేలిగ్గా నిండితే నాకంత భయం.

మరి ఏం చెయ్యాలి అంటావు. నాకు తెలిసి మనలాంటివాళ్ళకి కాస్తో కూస్తో జాగా ఉన్నది పాయింట్ పాయింట్‌కీ కాదు, మ్యాచ్ ధరకీ సెట్ ధరకీ మధ్య లెక్కలో. మ్యాచ్ మార్కెట్లో డబ్బు ఎక్కువ, జనం ఎక్కువ, కాబట్టి ఆ ధర మామూలుగా సరిగ్గానే ఉంటుంది, సెట్ మార్కెట్ పల్చన. పెద్ద దాన్నుంచి చిన్న దాన్ని లెక్క కట్టు. మూడు సెట్ల మ్యాచ్‌లో ఒక్కో సెట్ గెలిచే అవకాశం 60 అయితే మ్యాచ్ గెలిచే అవకాశం 65 దగ్గరుంటుంది, సెట్‌కి 70 అయితే మ్యాచ్‌కి 78. గ్రాండ్‌స్లామ్‌లో మగాళ్ళ ఐదు సెట్ల మ్యాచ్ అయితే 60 కి 68, 70 కి దాదాపు 84. తిరగేసి చదువుకో: మూడు సెట్ల మ్యాచ్‌లో ఫేవరెట్ 78 అని చూసి, మొదటి సెట్ 72 కే దొరుకుతోంది చవగ్గా ఉంది అని ఎగబడతారు, కానీ న్యాయమైన ధర 70, అది చవక కాదు, రెండు సెంట్లు ఎక్కువ. అదే ధర ఐదు సెట్ల మ్యాచ్‌లో అయితే ఇంకా దండగ, ఎందుకంటే మ్యాచ్ పొడుగయ్యే కొద్దీ మంచి ప్లేయర్‌కి తేరుకునే టైమ్ దొరుకుతుంది, ఒక్క సెట్‌లో ఆ వెసులుబాటు లేదు. సెట్లన్నీ ఒకదానికొకటి సంబంధం లేనట్టు వేసిన లెక్క ఇది, నిజానికి మొదటి సెట్ చూస్తే ఆ రోజు ఎవరి ఒళ్ళు ఎలా ఉందో కొంచెం తెలుస్తుంది, దాన్ని కొంచెంగానే కలుపు, నువ్వు ఊహించినంత కలపకు.

ఇంకో మాట, ఇది లెక్క కూడా కాదు, కామన్‌సెన్స్. మూడు సెట్ల మ్యాచ్‌లో నీ ప్లేయర్ మొదటి సెట్ పోగొట్టుకున్నాడు, ఇప్పుడు అతను మ్యాచ్ గెలవాలంటే రెండో సెట్ గెలిచి తీరాలి కదా, కాబట్టి అతని మ్యాచ్ ధర రెండో సెట్ ధరని ఎప్పటికీ దాటకూడదు. ఉదాహరణకి మ్యాచ్ 49, రెండో సెట్ 66 ఉంటే, 49 ని 66 తో భాగించు, 74 శాతం వస్తుంది, అంటే రెండో సెట్ గెలిస్తే మూడోది 74 శాతం గెలుస్తాడని మార్కెట్ చెప్తున్నట్టు. అది నీకు ఎక్కువనిపిస్తే మ్యాచ్ అమ్మి సెట్ కొనాలి, తక్కువనిపిస్తే తిరగేసి. ఇలా రెండు ధరల మధ్య అభిప్రాయం పెట్టుకోవడం, "ఇవాళ ఫోర్‌హ్యాండ్ భలే ఆడుతున్నాడు" అనే దానికన్నా వెయ్యి రెట్లు నయం. అయితే తప్పు ధరలు బాట్‌లు (తమంతట తామే ట్రేడ్ చేసే ప్రోగ్రాములు) మనకన్నా ముందే ఏరుకుంటాయి, పెద్ద మ్యాచ్‌ల్లో నీకు మిగిలేవి చిల్లరే, రోజూ దొరుకుతాయని ఆఫీసులో స్టాండప్ మానేసి కూర్చోకు. పారిస్ మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతాయి కదా, నిద్రకళ్ళతో ఈ లెక్కలు అసలు వద్దు.

ఆట అర్థమవుతుంది అన్నావు, నిజమే అయ్యుండొచ్చు. కానీ టెన్నిస్ స్కోరింగే ఒక వింత జంతువు. ఫెడరర్ 2024 లో డార్ట్‌మత్ కాలేజీలో మాట్లాడుతూ తను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచినా పాయింట్లు మాత్రం 54 శాతమే గెలిచానని చెప్పాడు. అదే ఫెడరర్ 2019 వింబుల్డన్ ఫైనల్‌లో 218 పాయింట్లు గెలిచి, 204 గెలిచిన జొకోవిచ్ చేతిలో ఓడిపోయాడు. సెట్ మార్కెట్ కళ్ళతో ఆ మ్యాచ్ చూడు: ఫెడరర్ రెండో సెట్ 6-1, నాలుగో సెట్ 6-4, జొకోవిచ్ గెలిచిన మూడు సెట్లూ టైబ్రేకులే. ఆ రోజు "బాగా ఆడుతున్నవాడు ఎవడు" అని సెట్ సెట్‌కీ సరిగ్గా చెప్పిన మనిషి కూడా మూడుసార్లు పోగొట్టుకునేవాడు. 2025 రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్) ఫైనల్ గుర్తుందా, సినర్ ఆల్కరాజ్ మీద మొదటి రెండు సెట్లు గెలిచి, మూడోది పోగొట్టుకుని, నాలుగో సెట్‌లో 5-3, ఆల్కరాజ్ సర్వీస్‌లో 0-40, ఒక్కటి గెలిస్తే కప్పు చేతికొచ్చే మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. ఆ క్షణంలో నాలుగో సెట్ ఆల్కరాజ్ కాంట్రాక్ట్ చేతిలో ఉన్నవాళ్ళు ఎంతకొస్తే అంతకి వదిలించుకోవాలనే చూస్తారు, వదిలించుకోకుండా ఉన్నవాడికి డాలర్ వచ్చింది, 7-6. అయినా దాన్ని చూసి ఇకనుంచి అన్నీ పట్టుకుని కూర్చోమని కాదు నేననేది, అలాంటిది ఎప్పుడో గానీ జరగదు కాబట్టే అంత చవగ్గా దొరుకుతుంది.

రూల్స్ చదివావా అసలు? చదివుండవు. 2025 వింబుల్డన్ నాలుగో రౌండ్‌లో దిమిత్రోవ్ సినర్ మీద 6-3, 7-5 తో రెండు సెట్లు కొట్టి, మూడో సెట్ 2-2 దగ్గర ఛాతీ కండరం దెబ్బతిని మ్యాచ్ వదిలేశాడు. మొదటి రెండు సెట్లు పూర్తయ్యాయి, గొడవ లేదు. మూడో సెట్ మీద కాంట్రాక్ట్ ఉన్నవాడి సంగతేంటి? డబ్బు వెనక్కి వస్తుందా, రిటైర్ అయినవాడు ఓడినట్టా, చివరి ధరకి సెటిల్ చేస్తారా, ఇది ఒక్కో ప్లాట్‌ఫామ్‌లో ఒక్కోలా రాసి ఉంటుంది, ఒకే ప్లాట్‌ఫామ్‌లో మ్యాచ్ కాంట్రాక్ట్‌కి ఒకలా సెట్ కాంట్రాక్ట్‌కి ఇంకోలా కూడా ఉండొచ్చు. ఫిజియో కోర్టులోకి రాగానే ధర ఎందుకలా వణుకుతుందో ఆ పేరా చదివితే తెలుస్తుంది. కాంట్రాక్ట్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఐదు నిమిషాల పని.

చాలెంజర్ మ్యాచ్‌లు (పెద్ద టోర్నమెంట్ల కింది స్థాయి), ఇంకా కింద 15,000 డాలర్ల ప్రైజ్ మనీ ఉండే ఐటీఎఫ్ టోర్నమెంట్ల జోలికి మాత్రం సెట్ మార్కెట్లో అస్సలు పోకు. మ్యాచ్ అమ్ముకోవడానికి మనసు రాని ప్లేయర్ కూడా ఒక సెట్ అమ్ముకోవడానికి ఒప్పుకోవచ్చు, ఎందుకంటే ఆ సెట్ వదిలేసి మిగతా రెండు గెలిస్తే ప్రైజ్ మనీ, ర్యాంకింగ్ పాయింట్లు, పైన ఈ డబ్బు, అన్నీ దక్కుతాయి. ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ నిషేధించినవాళ్ళలో ఎక్కువమంది ఈ కింది స్థాయి వాళ్ళే. అందరూ అలాంటివాళ్ళని కాదు, పాపం చాలామంది సొంత డబ్బుతో తిరుగుతూ కష్టపడేవాళ్ళే, కానీ అవతల ఎవడికి ఏం తెలుసో నీకు తెలియని చోట నువ్వెందుకు.

డబ్బు సైజు గురించి. 1,740 డాలర్లకి 220 కాంట్రాక్ట్‌లు చాలా ఎక్కువ, 60 సెంట్ల దగ్గర ఒక్క ట్రేడ్‌లో 132 డాలర్లు, అంటే నీ మొత్తంలో ఏడున్నర శాతం. ఉన్న డబ్బులో ఒక్క పందానికి ఎంత వంతు పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం అని ఒకటుంది, నువ్వనుకున్న అవకాశంలోంచి ధర తీసేసి, దాన్ని 100 లోంచి ధర తీసేస్తే వచ్చిన దానితో భాగించడం. 60 సెంట్ల కాంట్రాక్ట్‌కి నిజంగా 64 శాతం అవకాశం ఉందని నీకు నమ్మకముంటే 4 ని 40 తో భాగిస్తే పదో వంతు వస్తుంది. అది నీ 64 కచ్చితంగా కరెక్ట్ అయితేనే. మన 64 లు అంత కరెక్ట్ కావు కాబట్టి అందులో పావు వంతు, రెండున్నర శాతం, 43 డాలర్లు. 212 ట్రేడ్ల తర్వాత ట్రేడ్‌కి 2.7 మైనస్‌లో ఉన్నవాడికి సూత్రం చెప్పేది అసలు సున్నా అనుకో, కానీ నువ్వు మానేస్తావని నాకు నమ్మకం లేదు, అందుకే ఈ అంకె చెప్పా. పోయిన 1,260 వెనక్కి రాబట్టాలనే లెక్క మాత్రం బుర్రలోంచి తీసెయ్, కావాలంటే ఎక్సెల్‌లో కొత్త షీట్ పెట్టి 1,740 నుంచి మొదలెట్టు. ఇంట్లో ఈ సంగతి తెలుసో లేదో రాయలేదు, తెలీకపోతే జాయింట్ అకౌంట్ స్టేట్‌మెంట్ చెప్పకముందే నువ్వే చెప్పు. ట్యాక్స్ విషయం కూడా, ఈ కాంట్రాక్ట్‌లని జూదం కింద చూడాలా డెరివేటివ్ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ లాంటిది) కింద చూడాలా అన్నది అమెరికాలో ఇంకా తేలలేదు, రాష్ట్రాలకీ ఈ కంపెనీలకీ కోర్టుల్లో గొడవలు నడుస్తూనే ఉన్నాయి, నీ సీపీఏకి (ట్యాక్స్ చూసే అకౌంటెంట్‌కి) ఆ ఎక్సెల్ మొత్తం ఇచ్చెయ్.

బావమరిది సంగతి ఒక్క ముక్కలో, వద్దు. మన ఊళ్ళ వైపు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు తెలంగాణలో 2017 లోనే, ఆంధ్రాలో 2020 లోనే ఆపేశారు, 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో నైపుణ్యమా అదృష్టమా అనే వాదనకి కూడా చోటు లేకుండా పోయింది, ఆ చట్టం దెబ్బకే ప్రోబో లాంటి ఒపీనియన్ ట్రేడింగ్ (కల్షీలాగే అవునా కాదా మీద డబ్బు పెట్టే) యాప్‌లు డబ్బు ఆటలు మూసేసుకున్నాయి. అతను విజయవాడలో కూర్చుని నీ పేరు మీద ఉన్న, నీ సోషల్ సెక్యూరిటీ నంబర్ కట్టిన అకౌంట్లో ఆడితే, అకౌంట్ బ్లాక్ అయినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది నువ్వే, పోయిన డబ్బు ఎవరిదనే పంచాయితీ పండక్కి మీ అత్తగారింట్లో జరుగుతుంది. వీపీఎన్ అనీ క్రిప్టో అనీ ఏదైనా దారి చెప్తే అది కూడా వద్దు. "చట్టం ఒప్పుకోదు బావా" అని చట్టం మీదికి తోసెయ్, నువ్వు చెడ్డవాడివి కానక్కర్లేదు.

సానియా 2005 లో హైదరాబాద్ ఓపెన్ గెలిచిన ఫైనల్ నేనూ చూసా, మూడు సెట్లు పట్టింది, మధ్యలో సెట్ పోగొట్టుకుంది కూడా. ఆ రోజు ఆ రెండో సెట్ మీద ఏ ధరా లేదు కాబట్టి ఊరికే గోళ్ళు కొరుక్కుంటూ చూశాం. నువ్వు వచ్చే నెలంతా లైవ్ ఆపేసి, మ్యాచ్ మొదలవ్వకముందు ధరల్నే చూస్తూ, ఉత్త కాగితం మీద ఒక 50 ట్రేడ్లు రాయి, ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు కలుపు, కొనేముందు మ్యాచ్ ధర నుంచి నువ్వు లెక్క కట్టిన సెట్ ధర ఒకటి, నిజంగా దొరికిన ధర ఇంకోటి. ఆ షీట్ నాకు పంపు, ఫీజు కూడా వేసి పంపు, మర్చిపోకు.